నీళ్లకాగుకు మాటు

నీరు వేడెక్కుటను తెలుగువారు కాగుట అందురు. ఆ నీటిని పట్టియుంచు పెద్దపాత్రను కాగు అందురు. క్రియకును పాత్రకును ఒకే మాట చాలినది. కాలక్రమమున మట్టికాగునకు తోడు రాగికాగు వచ్చినది. పిదప నడుమ పొగగొట్టమును, కడుపున నిప్పును ధరించిన రాగి బాయిలరు వచ్చినది. దాని పేరు ఇంగ్లీషుదే గాని, దానిని మలచిన చేతులు మన కంచరులవే.

కృష్ణా తుంగభద్రల నడుమ నడిగడ్డయని పిలువబడు సీమలో, కర్ణాటక సరిహద్దున నున్న గట్టు వంటి ఊళ్లలో, పాత ఇండ్ల దొడ్డిమూలను ఇట్టి బాయిలరు ఇంకను అక్కడక్కడ కానవచ్చును. అది కారుట మొదలిడిన నాడు ఇంటివారికి ముందుగా తోచునది పాతసామానులు కొనువానిని పిలుచుట. వాడు తూకము వేసి, రాగి వెల చేతబెట్టి పోవును. ఎక్కడ చెడినదో చూడకయే తాతలనాటి పాత్రను తూకమునకు అమ్ముట తొందరపాటు.

చూచుట కష్టమైన పని కాదు. బాయిలరును చన్నీటితో నింపి, వెలుపల పొడిగుడ్డతో తుడిచి, పొడిబూడిద చల్లవలెను. బూడిద తడిసిన చోటే తప్పున్న చోటు. అది కుళాయి మొదలైనచో వాషరు మార్చిన చాలును. అతుకువద్ద అయినచో మాటు వేయవలెను. మాటు ఏల ఊడినదను ప్రశ్న మాత్రము ఆలోచింపదగినది. సీసమును తగరమును కలిపిన మెత్తని మాటులోహము 183 డిగ్రీల సెంటిగ్రేడు వేడికే కరగ నారంభించును. రాగి కరగుటకు 1085 డిగ్రీలు కావలెను. అతుకును నీరు తాకియున్నంత సేపు దాని వేడి నూరు డిగ్రీలను మించి పెద్దగా పెరుగదు. నీరు లేకుండ నిప్పు వేసిన కొద్దిసేపటికే అతుకు విడిపోవును. కనుక ఊడిన మాటు పలుమారులు పాత్ర ముసలితనమును గాక, ఏదో ఒక ఉదయమున ఎవరో మరచిన రెండు బిందెల నీటిని తెలుపును!

మాటు వేయువాడు ముందుగా ఆ చోటి చిలుమును గీకి, రాగి మెరయునట్లు చేసి, నవాసాగరము చల్లును. చిలుముపై లోహము అంటదు. తొందరపడి ఈ పనిని విడిచినచో ఆ మాటు నెల నిలువదు. సీసము కలిసిన మాటు గల పాత్రలోని నీటిని స్నానమునకే గాని, త్రాగుటకు, వంటకు వాడరాదను సంగతియు ఇంటివారు ఎరిగియుండవలెను.

కారకున్నను నీరు త్వరగా కాగుట లేదని కొందరు విసుగుదురు. దోషము చాలవరకు నీటిదే. బోరునీటిలో కరగియున్న సున్నపు లవణములు వేడికి విడివడి, పొగగొట్టమునకు రాతిపెళ్లవలె పట్టుకొనును. ఆ పెళ్ల నిప్పునకును నీటికిని నడుమ గోడ. ఏటేట కట్టెల ఖర్చు పెరుగును. దీనిని ఉలితో కొట్టినచో పలుచని రాగికి చిల్లి పడును. అంగడిలో దొరకు నిమ్మఉప్పును గోరువెచ్చని నీటిలో కలిపి పోసియుంచినచో బుడగలు లేచి పెళ్ల మెత్తబడును. ఆ బుడగలు పాత పాఠ్యపుస్తకములు బొగ్గుపులుసుగాలి యని పిలిచిన వాయువే.

పొగను మెచ్చుకొనవలసిన పని లేదు. కట్టెలు ఏరి తెచ్చి, పొయ్యి ఊదిన స్త్రీల కన్నులకు దాని సంగతి బాగుగా తెలియును. ఎండకు కొరతలేని ఈ సీమలో సూర్యరశ్మితో నీరు కాచుకొనుట మేలైన మార్గమే. ఐనను అందువలన మరమ్మతు విద్య అక్కరలేకుండ పోదు. విద్యుత్తు గీజరులోని కడ్డీకిని ఆ సున్నపు పెళ్లయే పట్టును. (గీజరు అను మాట ఐస్‌లాండు దేశపు ఒక వేడినీటి బుగ్గ పేరునుండి పుట్టినది. మన కాగు వలెనే అదియు నీటినుండి వచ్చిన పేరే.) పాతదానిని విప్పి చూడని ఇల్లు క్రొత్తదానిని మాత్రము విప్పి చూచునా?

విప్పుట, మరల కూర్చుట ఈ సీమకు తెలియని విద్య కాదు. శ్రీశైలము జలాశయములో మునుగకుండ, కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయిగా విప్పి అలంపురమున తిరిగి నిలిపిరి. అంతటి పని జరిగిన జిల్లాలో, రెండు బిందెల రాగిపాత్రకు మాటు వేయుట తెలియక అమ్ముకొనుట విడ్డూరము.

ఈ విషయమున బడికి పని కలదు. వేడినీరు పైకి చేరుట, గొట్టము గాలిని లాగుట, కఠినజలము, ఆమ్లములు — విద్యార్థులు వేరువేరు పాఠములుగా కంఠస్థము చేయు ఇవన్నియు ఒక బాయిలరులో ఒకేచోట కనబడును. మూత బిగించి ఆవిరి దారిని మూయరాదనుట కూడ అక్కడనే తెలియవలెను. ఆవిరియైన నీరు సుమారు 1600 రెట్ల చోటు కోరును, చోటు దొరకనిచో పాత్రను చీల్చును.

గిన్నెలకు మాట్లు వేయువారి కేక వీధులలో అరుదైనది. ఊరిలో అట్టివాడు ఒకడైనను మిగిలియున్నచో, ఉపాధ్యాయులు అతనిని ఒక మధ్యాహ్నము బడికి పిలిచి, ఆ పూట కూలి ఇచ్చి, చెట్టునీడను పని చేయింపవలెను. పిల్లలు చుట్టును కూర్చుండి చూతురు. పని ముగిసిన పిదప బాయిలరును నిండుగ నింపి, బూడిద చల్లి పరీక్షించు పనిని పిల్లలకే విడువవలెను.