తలుపు దగ్గర చెప్పాల్సిన మాట

2020 మార్చి 13. అమెరికాలోని లూయీవిల్ నగరం, అర్ధరాత్రి దాటింది. బ్రియానా టేలర్ అనే 26 ఏళ్ల నల్లజాతి అమ్మాయి ఇంటి తలుపును మఫ్టీ పోలీసులు బద్దలుకొట్టారు. ఎవరో దొంగలనుకుని ఆమె స్నేహితుడు తన లైసెన్సు తుపాకీతో ఒక్క తూటా పేల్చాడు. పోలీసులు 32 పేల్చారు. బ్రియానా అక్కడే చనిపోయింది. ఆ ఇంట్లో డ్రగ్స్ ఏమీ దొరకలేదు.

తలుపు కొట్టకుండానే వెళ్లొచ్చని జడ్జి ముందే సంతకం పెట్టిన వారెంట్ అది. నో నాక్ వారెంట్ అంటారు. అయినా కొట్టామని, పోలీసులమని చెప్పామని వాళ్లంటారు. చప్పుడు విన్నాను గానీ 'పోలీస్' అన్న మాట వినలేదని అతనంటాడు. ప్రాణం పోయింది ఆ ఒక్క మాట దగ్గరే.

లోపలికి వెళ్లేముందు ఎవరో చెప్పడం రాజ్యాంగ రక్షణలో భాగమేనని అక్కడి సుప్రీంకోర్టు 1995లో అంది. డ్రగ్స్ కేసు అయినంత మాత్రాన ఆ నియమం ఎత్తేయడం కుదరదు, ప్రమాదం ఉందనో సాక్ష్యం మాయం చేస్తారనో ప్రతి కేసులో కారణం చూపాలని 1997లో చెప్పింది. బాగుంది. కానీ 2006లో, నియమం తప్పినా దొరికిన సాక్ష్యం చెల్లుతుందని తీర్పిచ్చింది. కోరలు పీకేసింది అక్కడే అని నా అభిప్రాయం. తప్పు చేసినా నష్టం లేనప్పుడు ఎవరు ఆగుతారు?

బ్రియానా చనిపోయాక లూయీవిల్‌లో ఇలాంటి వారెంట్లు నిషేధించారు. 2022లో మినియాపోలిస్‌లో మళ్లీ అదే జరిగింది. సోఫాలో దుప్పటి కప్పుకుని పడుకున్న 22 ఏళ్ల అమీర్ లాక్‌ని పోలీసులు లోపలికొచ్చిన కొన్ని సెకన్లలోనే కాల్చేశారు. వారెంట్‌లో అతని పేరే లేదు.

మన దగ్గర నో నాక్ వారెంట్ అనేదే లేదు. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 44వ సెక్షన్ ప్రకారం పోలీసులు తామెవరో, ఎందుకొచ్చారో చెప్పి, తలుపు తీయమని అడగాలి. తీయకపోతేనే పగలగొట్టాలి. సోదాకి ఇద్దరు సాక్షులుండాలి, వీలైనంతవరకు చుట్టుపక్కలవాళ్లే. వీడియో తీయాలి. తీసుకెళ్లిన వస్తువుల జాబితా కాపీ మనకివ్వాలి.

కాగితం మీద సరే. మన గూడెంలో తలుపంటే వెదురు తడికే, కొట్టినా చప్పుడు రాదు. అందుకే ఆ మాట గట్టిగా, మనకర్థమయ్యే భాషలో చెప్పాలని అడగాలి. చీకట్లో పరిగెత్తొద్దు, చేతిలో కత్తీ గొడ్డలీ పట్టుకోవద్దు. జాబితా చదవకుండా సంతకం పెట్టొద్దు. ఇదంతా ఇవాళే ఇంట్లో అవ్వకి కోయలోనో, గోండిలోనో చెప్పండి. రాత్రి చప్పుడైతే ముందు లేచేది తనే కదా.