పండుగ విందు - ఇల్లాలి విశ్రాంతి

సంక్రాంతి దినములలో తెల్లవారుజామున ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో నడచిపోవువారికి ఏది తెలుగువారి క్వార్టరో ఎవరిని అడుగనక్కరలేదు. వాకిట ముగ్గు, ముగ్గు నడుమ గొబ్బెమ్మ, లోపలినుండి అరిసెల పాకపు వాసన. ప్రక్క క్వార్టరులో బెంగాలీ ఇల్లాలు ఖర్జూరపు బెల్లముతో పిఠేలు, పాటిసాప్టాలు సిద్ధపరచుచుండును. ఒకరికి మకర సంక్రాంతి, మరియొకరికి పౌష సంక్రాంతి. పండుగ మాత్రము ఒక్కటే. సాయంకాలమునకు అరిసెల పళ్ళెము ఆ ఇంటికి, పిఠేల పళ్ళెము ఈ ఇంటికి చేరును. పండుగలో నాకు మిక్కిలి ప్రియమైన ఘట్టము ఇదియే.

అయితే ఈ పండుగలోనే నాకు నచ్చని ఘట్టము కూడ ఒకటి కలదు. మధ్యాహ్నమునకు ఇరువది మంది చుట్టములు, స్నేహితులు వరండాలో కూర్చుండి నవ్వుచుందురు. వారికి భోజనము పెట్టుచున్న ఇల్లాలు తెల్లవారక ముందే పొయ్యి యొద్ద నిలిచినది. మధ్యాహ్నము మూడు గంటలైనను కూర్చుండలేదు. అందరు తిని లేచిన పిదప, మిగిలిన చల్లని అన్నము నాలుగు ముద్దలు తిని, అంట్ల ముందు కూర్చుండును. మరునాడు నడుము నొప్పితో మంచము పట్టును. ఇంట అందరు, "పండుగ బాగుగా జరిగినది" అని చెప్పుకొందురు. ఎవరికి బాగుగా జరిగినది?

ఇంటి మనుష్యులలో ఒకరిని అలసటపాలు చేసి జరుపు విందు ఎంత ఘనమైనదైనను అది ఆరోగ్యకరమైన విందు కాదు. ఇది నా అభిప్రాయము. దీనిని కొంత వివరించి చెప్పుటకు పాఠకుల అనుమతి కోరుచున్నాను.

విందు మానవలెనా?

మానవలెనని నేననను. ఖరగ్‌పూర్ తెలుగువారికి విందు వట్టి వేడుక కాదు. పందొమ్మిదవ శతాబ్ది చివర బెంగాల్ నాగపూర్ రైల్వేవారు ఈ చోట జంక్షనును, తరువాత వర్కుషాపును నెలకొల్పిన నాటి నుండి శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్టణము ప్రాంతముల ప్రజలు పనికొరకు ఆ రైలు మార్గము వెంటనే ఇచ్చటికి వచ్చిరి. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే ఏర్పడిన పిదప కూడ ఆ రాకపోకలు సాగినవి. మేనమామలు, పినతండ్రులు స్వగ్రామములలో నుండిపోయిరి. ఇచ్చట ప్రక్క క్వార్టరువారే అన్నయ్య, వదిన, బాబాయి, పిన్ని అయిరి. ఆ వరుసలు రక్తమువలన కలిగినవి కావు, కలసి తినుటవలన కలిగినవి. అట్టి విందును మానుమని చెప్పుట వైద్యము కాదు. ఒంటరితనము కూడ ఆరోగ్యమునకు శత్రువే.

కావున విందు ఉండవలెను. దాని తీరు మారవలెను.

"అతిథిని దేవుడని తలచు దేశము మనది; నాలుగు వంటలతో సరిపెట్టిన నలుగురు నవ్వరా?" అని పెద్దలు అడుగుదురు. నవ్వువారు ఒకరిద్దరు ఉందురేమో. కాని పదునాలుగు రకములు వడ్డించు ఇంటికి పోయినవారు, తమ వంతు వచ్చినపుడు పదునారు రకములు చేయవలెనని బెంగపడుదురు. బెంగతో కొందరు పిలుచుటయే మానుకొందురు. ఘనముగా చేయు విందువలన చివరకు విందులే తగ్గిపోవును. నాలుగు వంటలతో పిలిచినవారు ఏడాదికి నాలుగుసార్లు పిలువగలరు.

పిలుపు, పంపకము

రైల్వే ఊరిలో విందుకు ముహూర్తము పంచాంగమును మాత్రమే చూచి పెట్టరాదు. డ్యూటీ పట్టికను కూడ చూడవలెను. రాత్రి డ్యూటీ చేసి ఉదయము ఇల్లు చేరినవాడు మధ్యాహ్నము వరకు నిద్రింపవలెను. వానిని పదిగంటలకే లేపి, పలుకరింపుల నడుమ కూర్చుండబెట్టుట మర్యాద కాదు, హింస. సాయంకాలము నాలుగు గంటలకు మొదలై ఎనిమిదింటికి ముగియు కూటమి ఎక్కువమందికి అనుకూలించును. ముగియు వేళను కూడ పిలుపులోనే చెప్పుట మంచిది.

రెండు గదుల క్వార్టరులో ఎంతమంది సుఖముగా కూర్చుండగలరో అంతమందినే ఒకమారు పిలువవలెను. మిగిలినవారిని భోగినాడో కనుమనాడో పిలువవచ్చును.

వంటను పంచుకొనవలెను. ఒక ఇంటివారు పులిహోర, ఒకరు కూర, ఒకరు గారెలు, బెంగాలీ పొరుగువారు పిఠేలు తెచ్చినచో ఆతిథ్యమిచ్చు ఇల్లాలికి అన్నము, పప్పు, పెరుగు మాత్రమే మిగులును. ఇందులో చిన్నతనమేమియు లేదు. ఇక పంచవలసినది వంట ఒక్కటే కాదు. కుర్చీలు వేయుట, నీరు పట్టుట, వడ్డించుట, పాత్రలు కడుగుట ఇంటి యజమానికి, ఎదిగిన కుమారులకు చేతకాని పనులు కావు. వర్కుషాపులో ఇనుమును వంచగల చేతులు వంటింటిలో గరిటెను పట్టలేవా?

"నువ్వు కూర్చో వదినా, ఈ పూట మేం వడ్డిస్తాం" అన్న ఒక్క మాట ఇల్లాలికి ఏ పట్టుచీరకన్నను విలువైన పండుగ కానుక.

పరమాన్నము నేర్పిన పాఠము

కొన్ని సంవత్సరముల క్రిందట నేనొక పండుగ విందులో పాల్గొంటిని. ఉదయము వండిన పరమాన్నము పెద్ద గిన్నెలో మూతపెట్టి ఉంచిరి. సాయంకాలము కొంచెము వెచ్చచేసి వడ్డించిరి. రాత్రి తొమ్మిది గంటలు కాకమునుపే ఆరుగురికి వాంతులు పట్టుకొన్నవి. వారిలో ఇద్దరు పసివారు. ఇల్లాలు ఏడ్చుచు, "ఎవరి దిష్టి తగిలినదో" అనెను. ప్రయోగశాలలో పరీక్ష జరుగలేదు గనుక కారణము ఇదియేయని నేను శపథము చేయజాలను. కాని ఇట్టి సంఘటనలకు శాస్త్రము చెప్పు కారణము దిష్టి కాదు.

బియ్యములో బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజములు ఉండవచ్చును. అవి ఉడికినను చావవు. వండిన అన్నము గోరువెచ్చగా గంటలకొలది నిలువయున్నచో ఆ బీజములు మొలకెత్తి, వృద్ధిపొంది, వాంతి కలిగించు విషమును పుట్టించును. ఆ విషము మరల వేడిచేసినను నశింపదు. పెద్ద గిన్నె నడుమ భాగము చల్లారుటకు చాల సేపు పట్టును గాన అపాయము మరింత ఎక్కువ. ప్రయాణములకు మన పెద్దలు పులిహోరను ఎన్నుకొనుటలో వివేకము కలదు. చింతపండు పులుపు సూక్ష్మజీవుల పెరుగుదలను అణచును. పాలతో చేసిన పరమాన్నమునకు ఆ రక్షణ లేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆహార భద్రతకు ఐదు సూత్రములను చెప్పినది: శుభ్రత పాటించుట; పచ్చి పదార్థములను వండినవానితో కలుపకుండుట; బాగుగా ఉడికించుట; తగిన ఉష్ణోగ్రతలో ఉంచుట; సురక్షితమైన నీటిని, సరకులను వాడుట. మన విందుకు వీనిని అన్వయించినచో ఇట్లుండును.

వండిన పదార్థమును రెండు గంటలకు మించి బయట ఉంచరాదు. వేడిగా వడ్డింపదలచినదానిని 60 డిగ్రీల సెంటీగ్రేడుకు పైన, అనగా పొగలు వచ్చునంత వేడిగా ఉంచవలెను. నిలువ చేయదలచినదానిని చిన్న చిన్న గిన్నెలలోనికి తీసి, త్వరగా చల్లార్చి, 5 డిగ్రీలకు లోపుగా రిఫ్రిజిరేటరులో పెట్టవలెను. అది లేని ఇంటివారు వడ్డనకు ముందే, కావలసినంతయే వండుట ఉత్తమము. అరిసెలు, జంతికలు తేమ తక్కువగలవి. వీనిని రెండు మూడు దినముల ముందే చేసికొని, పండుగనాటి పనిని తగ్గించుకొనవచ్చును.

కనుమనాడు మాంసము వండు ఇండ్లలో పచ్చి మాంసము కోసిన కత్తిని, పలకను సబ్బుతో కడుగక కూరగాయలకు వాడరాదు. పచ్చి కోడిమాంసమును కుళాయి క్రింద కడిగినచో తుంపరలు నలుదిక్కుల పడి సూక్ష్మజీవులను వ్యాపింపజేయును; బాగుగా ఉడికించుటయే దానికి శుద్ధి. చేతికి చీముపట్టిన గాయముగలవారు, విరేచనములతో బాధపడుచున్నవారు ఆనాడు వంటకు దూరముగా ఉండవలెను.

ఈ ప్రాంతమునకు చెందిన మరియొక హెచ్చరిక. శీతకాలపు ఉదయమున చెట్టునుండి దింపిన పచ్చి ఖర్జూర రసము ఎంత తీయగానున్నను త్రాగరాదు. రాత్రివేళ గబ్బిలములు ఆ కుండలను ముట్టును. వానినుండి నిపా అను ప్రాణాంతకమైన వ్యాధి సోకవచ్చును. బంగ్లాదేశములో ఈ రసమువలన ఆ వ్యాధి పలుమారులు వ్యాపించినది. పశ్చిమ బెంగాల్‌లో 2001లో సిలిగురియందు, 2007లో నదియా జిల్లాయందు నిపా కనిపించినది. రసమును బాగుగా కాచి చేసిన బెల్లమునకు ఈ భయము లేదు. పిఠేలను నిర్భయముగా తినవచ్చును.

"ఇంకొక్కటి" అను బలవంతము

"నా మీద ఒట్టు, ఇంకొక్క అరిసె" అనుట మన ఆదరణకు గుర్తు. కాని ఆ మాట వినువాడు మధుమేహ రోగియైనచో వాని గతి ఏమి? వద్దనిన మనసు నొచ్చును, తిన్న దేహము నొచ్చును. బెల్లము చక్కెరవంటిది కాదని కొందరు తలతురు, అది పొరపాటు. బెల్లము కూడ రక్తములో చక్కెరను పెంచును. అట్లే రక్తపు పోటుగలవారికి ఊరగాయ, అప్పడములు మితముగా ఉండవలెను. పెద్దవారు దినమునకు 5 గ్రాములకన్న తక్కువ ఉప్పు వాడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

నా సూచన సులభమైనది. పదార్థములను బల్లపై అమర్చి, ఎవరికి కావలసినది వారు తీసికొనునట్లు చేయవలెను. ఒక గిన్నెలో ఉడికించిన సెనగలు, ఒక పళ్ళెములో జామపండ్లు, నారింజలు ఉంచవలెను. అతిథి "చాలు" అన్నచో దానిని నమ్మవలెను. నమ్ముటయే గౌరవము.

మద్యము మాట కూడ చెప్పక తప్పదు. రైలు నడుపువారు డ్యూటీలో చేరునపుడు ఊపిరి పరీక్షకు నిలువవలెను. అంతకన్న పెద్ద సంగతి, వారి వెనుక పెట్టెలలో వందలకొలది ప్రజలు నిద్రించుచుందురు. స్నేహము పేరిట వారిచేత గ్లాసు పట్టించువాడు, నిద్ర చెడునట్లు అర్ధరాత్రి వరకు కూర్చుండబెట్టువాడు ఆ ప్రయాణికులందరికి అపకారము తలపెట్టినవాడే. వేడి టీ, నిమ్మరసము, అంత్యాక్షరి, పిల్లల గాలిపటములు, వృద్ధుల పాత కథలు - ఇవి చాలవా?

భోగిమంట

భోగిమంటలో ఎండుకట్టెలు, పిడకలు వేయవచ్చును గాని పాత టైర్లు, ప్లాస్టిక్కు వేయరాదు. వాని విషపు పొగ ఉబ్బసము గలవారికి, పసివారికి మిక్కిలి కీడు. నూలు దుస్తులతోనే పిల్లలను మంట దగ్గరకు పోనీయవలెను. ఒక పెద్దవారు దగ్గర నిలువవలెను. చర్మము కాలినచో వెంటనే చల్లని కుళాయి నీటిధారను 20 నిమిషములు పడనీయవలెను. సిరా, పేస్టు, వెన్న పూయరాదు. రాత్రి చలికి తలుపులు మూసి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాపాయము.

ఇంత జాగ్రత్తపడినను ఎవరికైన వాంతులు, విరేచనములు పట్టుకొన్నచో కంగారుపడరాదు. ఓ.ఆర్.ఎస్. పొట్లమును దానిపై వ్రాసిన కొలత ప్రకారము శుభ్రమైన నీటిలో కలిపి, కొంచెము కొంచెముగా త్రాగించుచుండవలెను. చంటిబిడ్డలకు తల్లిపాలు మానిపింపరాదు. మలములో రక్తము, తీవ్రజ్వరము, మూత్రము తగ్గుట, మగత, త్రాగినదెల్ల కక్కుట - వీనిలో ఏది కనిపించినను ఆలస్యము చేయక వైద్యుని చూడవలెను.

ఈ సూచనలన్నియు చదివి, "విందంటే ఇంత జాబితాయా?" అని విసుగుకొనవలదు. వంటలు తగ్గినపుడు ఈ జాగ్రత్తలన్నియు వాటంతట అవియే సులభమగును. పదునాలుగు గిన్నెలను వేడిగా ఉంచుట కష్టము. నాలుగు గిన్నెలను ఉంచుట కష్టము కాదు. నిరాడంబరత, శుభ్రత, విశ్రాంతి ఈ మూడును అక్కచెల్లెండ్రు; ఒకరిని పిలిచినచో మిగిలిన ఇద్దరు వెంట వత్తురు.

రాబోవు సంక్రాంతికి మీ ఇంట విందు ముగిసిన పిదప ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈనాడు మన ఇల్లాలు ఎన్ని నిమిషములు కూర్చుండి నవ్వినది? ఆ జవాబే మీ విందుకు కొలమానము.