పేరయ్యగారి పేరు ఎందుకు పలకరు?



వార్షికోత్సవ సంచికకు వ్యాసం ఇవ్వమని అడిగితే పాత విద్యార్థులు సాధారణంగా కష్టపడి చదవండి, హాస్టల్‌కు పేరు తెండి అని రాస్తారు. ఆ మాటలు మీకు రోజూ చెప్పడానికి వార్డెన్‌గారు ఉన్నారు కాబట్టి నేను చర్చి గురించి రాస్తున్నాను. మన టోలిచౌకి హాస్టల్లో ప్రకాశం, గుంటూరు, మెదక్, మహబూబ్‌నగర్ పిల్లలం కలిసి ఉన్నాం. రాష్ట్రం రెండైనా ఆ కలయిక పోలేదు. మనలో చాలామంది ఇళ్ళల్లో తాతముత్తాతల నాటి నుంచి చర్చి ఉంది. ఆ చర్చి తన చరిత్రను, అంటే మన తాతల చరిత్రను, మనకు ఉన్నదున్నట్టు చెబుతున్నదా అన్నదే నా ప్రశ్న. పుస్తకంలో చెప్పింది, వేదిక మీద చెప్పడం లేదు అన్నది నా అభిప్రాయం.

ఒంగోలు సంగతే తీసుకుందాం. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. బాప్టిస్టు కుటుంబంలో పుట్టిన ప్రతి పిల్లవాడికీ ఈ అంకె నోటికి వస్తుంది. నేను వెళ్ళిన రెండు జూబిలీ సభల్లోనూ ఈ అంకె చెప్పారు, క్లౌ దొరగారి పేరు చెప్పారు, చప్పట్లు కొట్టించారు. ఆ రోజు నీళ్ళలో దిగి, ఇద్దరేసి చొప్పున వంతులవారీగా బాప్తిస్మం ఇచ్చినవాళ్ళు ఆరుగురు తెలుగు బోధకులు. వాళ్ళలో ఒక్కరి పేరూ రెండు సభల్లో ఎవరూ ఎత్తలేదు.

అంతకన్నా పెద్ద మౌనం ఎర్రగుంట్ల పేరయ్యగారి విషయంలో ఉంది. (దొరకు 'గారు' పెట్టి పేరయ్యకు పెట్టకపోతే ఎట్లా?) ఒంగోలుకు నలభై మైళ్ళ దూరంలో తాళ్ళకొండపాడు ఆయన ఊరు. మాదిగ కులస్థుడు, తోళ్ళ వ్యాపారి. వ్యాపారం మీద ఏలూరు వైపు వెళ్ళినప్పుడు అక్కడ చర్చి మిషనరీ సొసైటీకి చెందిన అలెగ్జాండర్ దొర బోధ విన్నారు. తిరిగి వచ్చి తనవాళ్ళకు చెప్పడం మొదలుపెట్టారు. ఆ తర్వాత 1866లో భార్య నాగమ్మగారితో కలిసి బాప్తిస్మం తీసుకున్నారు. క్లౌ దొరగారు ఒంగోలులో స్థిరపడింది అదే ఏడాది సెప్టెంబరులో. 1867 జనవరిలో దొర తాళ్ళకొండపాడు వెళ్ళేసరికి చుట్టుపక్కల పల్లెల మాదిగలు మూటాముల్లెలతో వచ్చి ఆయన కోసం కాచుకొని ఉన్నారు. 28 మందికి అక్కడే బాప్తిస్మం ఇచ్చారు.

ఈ వరస గమనించండి. అమెరికన్ బాప్టిస్టులు తెలుగునాడులో పని మొదలుపెట్టింది 1836లో. ముప్పై ఏళ్ళలో వాళ్ళతో కలిసినవాళ్ళు కొద్దిమందే. లాభం లేదు, ఈ మిషన్ మూసేద్దామా అని 1853లో అమెరికాలో చర్చ కూడా జరిగింది. ఆ తాళం తీసింది ఒక తోళ్ళ వ్యాపారి, ఆయన బంధుత్వాలు, ఆయన నడిచిన దారులు. దొర వచ్చి మనల్ని వెలికితీశాడని చెబితే అది సగం నిజం. మనవాళ్ళు ముందు వెతుక్కుంటూ వెళ్ళారన్నది మిగతా సగం. ఫిల్మ్‌నగర్ మన హాస్టల్‌కు ఎంతో దూరం లేదు, షేక్‌పేట దాటితే వచ్చేస్తుంది. అక్కడ ఎవరైనా ఈ కథ సినిమా తీస్తే గడ్డం దొర హీరో అవుతాడు, పేరయ్యగారికి దండం పెట్టే వేషం ఇస్తారు. సినిమావాళ్ళను అని ఏం లాభం, మన సభల్లోనూ అదే వేషం ఇస్తున్నాం.

పేరయ్యగారి వెతుకులాట క్రైస్తవంతో మొదలు కాలేదు. అంతకుముందు ఆయన బండికట్ల వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర రాజయోగం నేర్చుకున్నారు. ఆ రోజుల్లో ఆ ప్రాంతపు మాదిగల్లో ఇటువంటి గురువుల బోధలు, పోతులూరి వీరబ్రహ్మంగారి మాటలు బాగా తిరిగేవి. విగ్రహం అక్కర్లేదు, కులం అక్కర్లేదు అనే ఆలోచన వాళ్ళకు ఓడ దిగి వచ్చింది కాదు. ఈ మాట చెబితే మన పాస్టర్లకు ఇబ్బంది. అప్పటిదాకా అంతా చీకటే, తర్వాత వెలుగు అని చెప్పడం ప్రసంగానికి సులువు. కానీ అలా చెప్పినప్పుడల్లా మన పూర్వీకుల బుర్రలో ఏమీ లేదని మనమే ఒప్పుకున్నట్టు అవుతుంది.

ఇవన్నీ ఎవరో చర్చి మీద కోపంతో రాసినవి కావు. క్లౌ దొరగారి రెండో భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ, ముసలి బోధకుల నోట విని, 'వైల్ సూయింగ్ శాండిల్స్' అనే పుస్తకంగా 1899లో అచ్చు వేయించారు. చెప్పులు కుడుతూ అని దాని పేరుకు అర్థం. మాతంగి కథ, అరుంధతి కథ, గురువుల కథలు అందులో ఉన్నాయి. ఆమె చూపులో ఆ కాలపు దొరతనం లేకపోలేదు. అయినా మన ముత్తాతల పేర్లతో సహా రాసిపెట్టారు. నూటపాతికేళ్ళ కిందట ఒక దొరసాని నదురూ బెదురూ లేకుండా రాసింది ఇప్పుడు మన మైకుల్లో చెప్పడానికి మనకే మొహమాటమా?

ఇక కరువు. దీని గురించి మాట్లాడాలంటే మనవాళ్ళకు భయం. 1876-78 నాటి మహా కరువులో లక్షల మంది పోయారు. క్లౌ దొరగారు అమెరికాలో సర్వేయరుగా పనిచేసిన మనిషి కాబట్టి బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళు కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి ఇచ్చారు. మధ్యాహ్నం పని ఆపినప్పుడు బోధకులు కూలీల మధ్య కూర్చొని బోధించేవారు. కూలీ, సువార్తా ఒకే గట్టు మీద దొరికిన మాట వాస్తవం. దాన్ని దాచితే ఏమవుతుంది? గంజికి మతం అమ్ముకున్నారని వెక్కిరించేవాడికి మన మౌనమే సాక్ష్యం అవుతుంది. ఆ అనుమానం రాకూడదనే పదిహేను నెలలపాటు ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. కూలి పని ముగిశాక 1878 జూన్‌లోనే మళ్ళీ మొదలుపెట్టారు. రెండూ కలిపి చెబితేనే జవాబు నిలబడుతుంది. ఆకలి కూడా ఒక కారణమైతే మాత్రం సిగ్గుపడాల్సింది ఆకలిగొన్నవాడు కాదు కదా.

చేరినవాళ్ళకు మూడు నియమాలు పెట్టారు. ఆదివారం పని చేయరాదు, చచ్చిన పశువు మాంసం తినరాదు, విగ్రహాలకు మొక్కరాదు. వినడానికి చిన్నవిగా ఉన్నా పల్లెను కుదిపేసిన నియమాలివి. వెట్టికి రానన్నా, జాతరలో డప్పు కొట్టనన్నా కరణం, మునసబు ఊరుకుంటారా? బావుల దగ్గర, పొలాల దగ్గర దెబ్బలు తిన్నవాళ్ళు మనవాళ్ళే. ఆ తెగువను గొప్పగా చెప్పాలి. దానితోపాటే డప్పు పోయిందని, మాతంగి కథలు చెప్పే నోళ్ళు మూతపడ్డాయని కూడా చెప్పాలి. దండోరా ఉద్యమంలో డప్పు మళ్ళీ మోగినప్పుడు చర్చి పెద్దలు కొందరు చెవులు మూసుకోవడం నేను చూశాను. ఆ చెవులకు ఈ చరిత్ర ముందే పడి ఉంటే బాగుండేది.

కులం మాట మరీ గుట్టు. ఒంగోలులో మొదట్లో పై కులాల పిల్లలు మిషన్ బడికి వచ్చేవారు. మాదిగలను చేర్చుకుంటే మేం రామని వాళ్ళు చెబితే, క్లౌ దంపతులు మాదిగల వైపే నిలబడ్డారు. ఇది మన సభల్లో చెప్పే కథే, చెప్పదగ్గ కథే. కానీ గుంటూరు లూథరన్ సంఘాల్లో మాలలు ఎక్కువ, ఒంగోలు బాప్టిస్టు సంఘాల్లో మాదిగలు ఎక్కువ ఎందుకైనారో, ఒకే ఊళ్ళో రెండు పేటలకు రెండు చర్చిలు ఎందుకున్నాయో ఆదివారం బడిలో ఎవరైనా చెప్పారా? మెదక్‌దీ ఇంచుమించు ఇదే ధోరణి. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన ఆ గొప్ప చర్చికి పోస్నెట్ దొర పేరుంది. కరువులో రాళ్ళు మోసినవాళ్ళు మాత్రం 'కూలీలు' అన్న ఒక్క మాటలో సరిపోయారు.

పెద్దలు ఒక అభ్యంతరం చెబుతారు. ఇప్పుడు కాలం బాగాలేదు, మన కథ మనం విప్పితే ఇంకొకడు వాడుకుంటాడు అని. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుకే ఎస్సీ హోదా అన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు, క్రైస్తవులను కలపలేదు. క్రైస్తవులమని రాసుకున్నవాళ్ళు మన దగ్గర బీసీ-సీ అయ్యారు. అడ్మిషన్ ఫారంలో మతం గడి దగ్గర కలం ఆగిపోయే బాధ ఈ హాస్టల్లో ఎవరికీ కొత్త కాదు. భక్తులు నోరు మూసుకొని బతకాల్సి వచ్చినచోట సంస్థ కూడా నోరు మూసుకోవడం నేర్చుకుంటుంది. అది నాకు అర్థమవుతుంది. అయినా నూటయాభై ఏళ్ళనాటి పేరయ్యగారి పేరు చెబితే ఇవాళ ఎవరి సర్టిఫికెట్టు పోతుంది?

అమెరికాలో బాప్టిస్టులు 1845లో చీలిపోయారు. బానిసల యజమానులు మిషనరీలు కావచ్చా అన్నదే గొడవ. మన తెలుగు మిషన్ ఉత్తరాదివాళ్ళ చేతిలో ఉండిపోయింది. దక్షిణాదివాళ్ళు తమ తప్పు ఒప్పుకోవడానికి 1995 దాకా పట్టింది. 2018లో వాళ్ళ ప్రధాన సెమినరీ ఒకటి, తమ నలుగురు వ్యవస్థాపకులకు కలిపి 50 మందికి పైగా బానిసలు ఉండేవారని తానే నివేదిక రాసి బయటపెట్టింది. దాంతో ఆ సెమినరీ ఏమీ మూతపడలేదు. వాళ్ళు చెప్పుకోవలసింది బానిసత్వం గురించి. మనం చెప్పుకోవలసింది మన పెద్దల పూనిక గురించి, దానికి కూడా ఇంత జంకు.

ఎమ్మాగారి పుస్తకం కాపీహక్కు ఎప్పుడో తీరిపోయింది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఇంగ్లీషు బాగా వచ్చిన సీనియర్లు రాత్రి స్టడీ అవర్ అయ్యాక రోజుకు నాలుగు పేజీలు చదివి అర్థం చెప్పండి. తెలుగు చేతిరాత బాగున్న జూనియర్లు రాసుకోండి. ప్రకాశం జిల్లా పిల్లలు సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు అందులోని ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు మీ నాయనమ్మలకు, అమ్మమ్మలకు వినిపించి వాళ్ళకు తెలిసినవి పక్కన రాసుకు రండి. వచ్చే జూలై 3లోపు ఒక నోటుపుస్తకం నిండితే, జిరాక్సు ఖర్చు పాత విద్యార్థులం భరిస్తాం. మొదటి కాపీ మీ మీ ఊళ్ళ పాస్టర్‌గార్ల చేతికి ఇవ్వండి.