బుచ్చమ్మ తర్వాత ఏమైంది?

'కన్యాశుల్కం' అనగానే అందరికీ గిరీశం, మధురవాణి గుర్తొస్తారు. పాపం, బుచ్చమ్మ ఊసే ఎవరూ ఎత్తరు. నాకు మాత్రం ఆ నాటకం చదివినప్పుడల్లా ఆ బాలవితంతువు గురించే దిగులు. 1909 నాటి ప్రతిలో గిరీశం బండారం బయటపడి, ఆమెను పూనా వితంతు శరణాలయానికి పంపాలని నిర్ణయిస్తారు. ఆ తర్వాత? గురజాడవారు చెప్పలేదు.

నాకు జవాబు కొండపల్లి కోటేశ్వరమ్మగారి ఆత్మకథ 'నిర్జన వారధి' (2012)లో దొరికింది. ఆవిడా బాలవితంతువే. పునర్వివాహం జరిగింది. భర్త సీతారామయ్యగారితో పాటు కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేశారు. తర్వాత ఆయన విడిచి వెళ్ళిపోయారు. నడివయసులో మళ్ళీ పుస్తకాలు పట్టి, చదువుకుని, కాకినాడలో హాస్టల్ ఉద్యోగంతో తన కాళ్ళ మీద తాను నిలబడ్డారు. ఇద్దరు బిడ్డలనూ పోగొట్టుకున్నారు. అయినా తొంభై దాటాక ఇదంతా పుస్తకంగా మన చేతిలో పెట్టారు. 2018లో నూరేళ్ళ వయసులో మన విశాఖలోనే కన్నుమూశారు.

ఇంటి గుట్టు రచ్చకెక్కించడం దేనికని కొందరంటారు. రాయకపోతే ఆవిడ 'ఫలానా నాయకుడి భార్య'గానే మిగిలిపోయేవారు కదా! పెళ్ళితోనే ఆడదాని కథ సుఖాంతం కాదనీ, చదువూ సంపాదనా ఉంటేనే నిలదొక్కుకుంటుందనీ ఎవరు చెప్పేవారు?

అందుకే ఈ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టుకుని చదవండి. చదివాక మీ అమ్మనో, అత్తగారినో కూర్చోబెట్టి వాళ్ళ కథ అడగండి. వీలైతే ఓ నోటుబుక్కులో రాసిపెట్టండి. ఏమంటారు?