విల్లు కూడా కళాఖండమే

ఆయుధం అనగానే మనకు యుద్ధమే గుర్తుకొస్తుంది. కానీ దసరా ఆయుధపూజ నాడు మన ఇళ్లలో కత్తిపీటకూ, సుత్తికీ, చేపల వలకూ కూడా పసుపు కుంకుమలు పెడతాం. అన్నం పెట్టే పనిముట్టును గౌరవించాలని పెద్దలు అలా నేర్పారు. ఆ గౌరవం అండమాన్ ఆదివాసుల విల్లుకూ దక్కాలని మా అభిప్రాయం.

18వ శతాబ్దంలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్థిరపడిన జర్మన్ పనివారు చెకుముకి రాయితో పేలే పొడవాటి రైఫిళ్లు చేశారు. మేపుల్ కర్రకు ఇత్తడి రేకులు అమర్చి, వాటిపై లతలు చెక్కారు. చాలామంది గొట్టం మీద తమ పేరు కూడా చెక్కుకున్నారు. నేడు ఆ తుపాకులను కళాఖండాలుగా భద్రపరుస్తున్నారు.

మరి గ్రేట్ అండమానీల విల్లు సంగతేమిటి? అది ఇంగ్లీషు 'ఎస్' అక్షరంలా వంపు తిరిగి ఉంటుంది. చెక్కిన కర్రను అడవిపంది కోరతో నున్నగా చేసేవారు. దానిపై గీతలు గీసి ఎర్రమట్టి, తెల్లమట్టి రంగులు అద్దేవారు. నారతో పేనిన తాడుకు మైనం పట్టించేవారు. పగిలిన ఓడల ఇనుమును సాగగొట్టి బాణపు ములుకులు చేసుకునేవారు. పందిని కొట్టే బాణానికి ములుకు ఊడివచ్చి, తాడుతో వేలాడుతుంది. పారిపోయే పంది పొదల్లో చిక్కుకోవడానికే ఈ ఏర్పాటు. ఇది పనితనం కాదా?

1859 మే నెలలో అబర్దీన్ వద్ద ఈ విల్లంబులతోనే వారు బ్రిటిష్ తుపాకులను ఎదిరించారు. ఆ తర్వాత వచ్చిన రోగాలు వారిని తుడిచిపెట్టినంత పని చేశాయి. బో భాష మాట్లాడే చివరి వ్యక్తి బోవా సీనియర్ 2010లో కన్నుమూశారు. భాష పోతే, ఆ భాషలో విల్లుకూ బాణానికీ ఉన్న పేర్లు కూడా పోతాయి.

మా తాతలు శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి బతుకుతెరువు కోసం ఇక్కడికి వచ్చారు. అంతకు వేల ఏళ్ల ముందు నుంచే ఈ దీవులు ఆదివాసుల ఇల్లు. అందుకే వారి పనితనాన్ని తెలుసుకోవడం మన బాధ్యత. అయితే అండమాన్ ట్రంక్ రోడ్డు మీద బస్సు కిటికీలోంచి జారవాలను తొంగిచూడడం తెలుసుకోవడం కాదు. వారి రక్షణకు 1956 నుంచే చట్టం ఉంది. శ్రీ విజయపురం (పూర్వపు పోర్ట్ బ్లెయిర్)లోని మానవశాస్త్ర మ్యూజియం ఉంది. అక్కడికి వెళ్దాం, విల్లు ముందు ఒక్క నిమిషం ఆగుదాం. దాన్ని చేసినవారి పేరు మనకు తెలియదు. కనీసం వారి చేతి నేర్పుకు నమస్కరిద్దాం.