మోకాటిలో దీపం

పిల్లలూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలలో ఒకటి నన్ను కాసేపు ఆలోచనలో పడవేసింది. వ్రాసినది తొమ్మిదవ తరగతి చదివే అమ్మాయి. వాళ్ళ అన్నయ్య కబడ్డీలో కూతకు వెళ్ళి, వెనక్కి తిరగబోయేసరికి పాదం నేలమీదే నిలిచిపోయి మోకాలు మెలిపడిందట. వాపు తగ్గింది గాని, నడుస్తూ నడుస్తూ ఉండగా కాలు వంగినచోటే బిగిసిపోతున్నదట. "రెండు చిన్న చిల్లులు పెట్టి బాగుచేస్తామని డాక్టరుగారు అన్నారు. అన్నయ్య పైకి నవ్వుతున్నాడు గాని రాత్రిళ్ళు నిద్రపోవటం లేదు. అంత చిన్న చిల్లులోనుంచి లోపల ఏం కనబడుతుంది? అన్నయ్య మళ్ళీ కూతకు వెళ్ళగలడా?" అని అడిగింది.

ముందు మోకాటిలో ఏముందో చూద్దాం. కుర్చీలో కూర్చుని, మోకాటిమీద అరచెయ్యి పెట్టి కాలు చాచండి, ముడవండి. చేతికింద కదిలేది మోకాటిచిప్ప. దాని వెనుక తొడ ఎముక, ముంగాలి ఎముక కలుసుకొంటాయి. తొడ ఎముక చివర గుండ్రని బుడిపెలు రెండు ఉంటాయి. ముంగాలి ఎముక తల ఇంచుమించు చదును. గుండ్రని కుండను చదునునేలమీద పెడితే దొర్లిపోదూ? అందుకే అమ్మమ్మ కుండకింద చుట్టకుదురు పెడుతుంది. మోకాటిలోనూ అలాంటి ఏర్పాటే ఉన్నది. రెండు ఎముకల నడుమ నెలవంక ఆకారంలో రెండు మెత్తలుంటాయి. వీటిని వైద్యులు మెనిస్కస్ అంటారు. ఆ మాట గ్రీకు భాషలోది. దాని అర్థం కూడా నెలవంకే.

కాలు మెలిపడినప్పుడు ఈ మెత్త చిరగవచ్చు. చిరిగిన పీలిక ఎముకల మధ్యకు జారితే, తలుపు సందులో గుడ్డ ఇరుక్కొన్నట్టు మోకాలు బిగిసిపోతుంది. "వేలు తెగితే నాలుగు రోజుల్లో మానుతుందే, ఇది ఎందుకు మానదు?" అని మీరు అడగవచ్చు. మెత్త బయటి అంచుకు రక్తం అందుతుంది. లోపలి భాగంలో రక్తనాళాలే లేవు. రక్తం రానిచోట గాయం మానటం బహుకష్టం.

పూర్వం ఇలాంటివారికి మోకాలు పెద్దగా కోసి, మెత్తనంతా తీసివేసేవారు. అదొక పనికిరాని వస్తువని చాలామంది వైద్యులు అనుకొనేవారు. 1948లో ఫెయిర్‌బ్యాంక్ అనే ఇంగ్లీషు వైద్యుడు, మెత్త తీసివేసిన మోకాళ్ళ ఎక్స్‌రే చిత్రాలు చూచి, ఎముకల మధ్య ఎడం తగ్గిపోతున్నదని వెల్లడించాడు. కుదురు తీసేసిన కుండ పని పట్టిందన్నమాట!

కోయకుండా లోపల చూచే మార్గం మాత్రం అంతకు ముందే మొదలయింది. 1918లో జపాను రాజధాని టోక్యోలో కెంజి తకాగి అనే వైద్యుడు, మూత్రాశయంలోకి చూచే గొట్టాన్ని ఒక మృతదేహపు మోకాటిలోకి దూర్చి చూచాడు. ఆయనకు ఈ ఆలోచన ఎందుకు వచ్చిందనుకొన్నారు? ఆ రోజుల్లో క్షయరోగం మోకాళ్ళకు సోకి కీలు బిగిసిపోయేది. జపానులో చాపమీద మోకాళ్ళు ముడిచి కూర్చోవటం ఆచారం. మోకాలు ముడవలేనివాడు నలుగురితో కలిసి భోజనానికైనా కూర్చోలేడు. విస్తరి ముందు బాసింపట్టు వేసుకొని కూర్చునే మనకు ఆ బాధ ఒకరు చెప్పనక్కరలేదు.

తకాగి శిష్యుడు మసాకి వతనబే. ఈయన గొట్టం తరవాత గొట్టం చేయించి, దేనికీ తృప్తిపడక, 1950 దశకం చివరకు 21వ నంబరు గొట్టం తయారుచేశాడు. దాని కొసన చిన్న విద్యుద్దీపం ఉండేది. అది మోకాటిలోపల పగిలితే ఏంగతి అని వైద్యులకు భయంగానే ఉండేది. 1962 మే 4న ఒక 17 ఏళ్ళ కుర్రవాడు ఆయన బల్లమీద పడుకొన్నాడు. బాస్కెట్‌బాల్ ఆడుతూ మోకాలు మెలిపెట్టుకొన్నాడు, అచ్చం మన ఉత్తరంలోని అన్నయ్యలాగే. వతనబే గొట్టంలోనుంచి చూస్తూ, చిరిగిన పీలికను మాత్రమే కత్తిరించి తీశాడు. ఇలా చేయటం అదే మొదలు. 1964లో టోక్యోకు వచ్చిన కెనడా వైద్యుడు రాబర్ట్ జాక్సన్ ఆయన దగ్గర ఈ విద్య నేర్చుకొని తన దేశానికి తీసుకుపోయాడు.

ఇప్పుడు దీపం లోపలికి పోదు. వెలుగు మాత్రమే సన్నని గాజుతీగల గుండా పోతుంది. గొట్టం సుమారు 4 మిల్లీమీటర్ల మందం. మీ పెన్సిలు ఇంతకంటే లావు. ఒక చిల్లులోనుంచి గొట్టం, రెండవదానిలోనుంచి పనిముట్టు వెళతాయి. ఉప్పునీరు ఎక్కించి కీలును కాస్త ఉబ్బిస్తారు. లోపలి బొమ్మ ఎదుట తెరమీద పెద్దదిగా కనబడుతుంది.

ఇక శస్త్రచికిత్సకు ముందు. అమ్మాయీ, ఇక్కడ నీకు పని ఉన్నది. అన్నయ్య వేసుకొనే మందులన్నీ, ఆకుమందులతో సహా, ఒక కాగితంమీద వ్రాసి ఇవ్వు. జ్వరంగాని, మోకాటి దగ్గర కురుపుగాని ఉంటే దాచవద్దని చెప్పు. ఆపరేషన్‌కు ముందు ఇన్ని గంటలు ఏమీ తినరాదని ఆసుపత్రివారు చెబుతారు. "పాపం, ఆకలి!" అని జాలిపడి బామ్మ ఇడ్లీ పెట్టబోతే నువ్వే అడ్డుపడాలి. మత్తులో ఉన్నప్పుడు కడుపులోనిది పైకివచ్చి ఊపిరితిత్తులలోకి పోతే ప్రాణానికే ముప్పు. బాగుచేయవలసిన కాలిమీద ముందుగానే సిరాతో గుర్తు పెడతారు. అది చూచి నవ్వవద్దు. ఒక కాలికి బదులు ఇంకొక కాలికి చేయకుండా పెట్టే గుర్తు అది.

ఆపరేషన్ అయిన తరవాత మీ అన్నయ్యకు రాబోయే అసలు పరీక్షను నేను దాచను. చిరిగిన మెత్తను కత్తిరించటమా, కుట్టటమా అనేది చాలాసార్లు లోపల చూచిన తరవాతే తేలుతుంది. కత్తిరిస్తే త్వరగా నడవవచ్చు, కొన్ని వారాలలో ఆటకు పోవచ్చు. కుడితే కొన్ని వారాలు చంకకర్రలు, ఆటకు నాలుగు నుంచి ఆరు నెలలు. కత్తిరించమని అన్నయ్య అనవచ్చు. కాని కుర్రవాళ్ళకు వీలున్నంతవరకు కుట్టాలనే వైద్యులు చూస్తారు. ఫెయిర్‌బ్యాంక్ చూచిన బొమ్మలు గుర్తున్నవి కదా? ఈ ఏటి పోటీ పోతుంది, నిజమే. మోకాలు మాత్రం యాభై ఏళ్ళు వాడుకోవాలి.

చాలామంది ఆ రోజో మరునాడో ఇంటికి వస్తారు. చిల్లు చిన్నదే గనుక బాగయిపోయిందని మోసపోకండి. వాపుకు మంచుముక్కలు గుడ్డలో చుట్టి పావుగంటసేపు పెట్టాలి, చర్మానికి నేరుగా తగలరాదు. కాలు ఎత్తుమీద పెట్టాలి. మోకాటి కిందే దిండు పెట్టి గంటలకొద్దీ ఉంచరాదు. అలా ఉంచితే కాలు పూర్తిగా చాపటం కష్టమవుతుంది. పనిలేకపోతే తొడకండ కొద్దిరోజుల్లోనే కరిగిపోతుంది. అందుకని వైద్యుడు సరేనన్న రోజునుంచి, మోకాటిని పరుపుకేసి నొక్కి అయిదు లెక్కపెట్టి వదలాలి. లెక్క నువ్వు పెట్టు, దొంగలెక్క పెట్టనివ్వకు! జ్వరం వచ్చినా, చిల్లు ఎర్రబడి చీము కారినా, పిక్క వాచి నొప్పి పుట్టినా వెంటనే వైద్యుడికి చెప్పాలి. ఊపిరి ఆడకపోతే క్షణం ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

పెద్దలకు ఒక్క మాట. మనవడికి బాగయిందని, అరిగిన మోకాళ్ళ బామ్మ కూడా "నాకూ ఆ చిల్లులు పెట్టించండి" అనవచ్చు. అమెరికాలోని హ్యూస్టన్‌లో ఇలాంటి మోకాళ్ళవారు 180 మందిని వారి సమ్మతితో పరీక్షించారు. కొందరికి గొట్టంతో లోపల శుభ్రం చేశారు. కొందరికి పైపైన గాట్లు మాత్రం పెట్టి కుట్టేశారు. రెండేళ్ళపాటు గమనించినా నొప్పిలో తేడా కనబడలేదని 2002లో ప్రకటించారు. అరుగుదల వేరు, చిరుగు వేరు. బామ్మకు ముందు వ్యాయామం, బరువు తగ్గటం, మందులు.

అమ్మాయీ, నీ రెండవ ప్రశ్నకు జవాబు: చాలామంది మళ్ళీ ఆడుతున్నారు. మీ అన్నయ్య ఎప్పుడు ఆడవచ్చునో అతని వైద్యుడే చెప్పాలి. కూతకు వెళ్ళిన రోజున నాకొక కార్డు వ్రాయి.