శిశుహత్యకు బాధ్యులెవరు?

శిశుహత్య ప్రస్తావన వచ్చినప్పుడెల్లా నాగరికులనిపించుకొన్నవారి నోట మూడు సమాధానాలు వినవస్తాయి. అది దారిద్ర్యఫలమని కొందరంటారు. అనాగరికుల ఆచారమని కొందరంటారు. కన్నతల్లి కాఠిన్యమని మరికొందరంటారు. ఈ మూడింటికీ ఒక సమానలక్షణ మున్నది. నేరాన్ని పేదవాని గుడిసెలోనికో, పరాయిజాతి మీదికో, పురిటిమంచం మీద నిస్సహాయంగా పడి ఉన్న స్త్రీ మీదికో నెట్టి, చెప్పేవాడు తాను తప్పుకొంటాడు. చరిత్ర ఈ మూడింటిలో దేనినీ సమర్థించదు.

మొదటిది దారిద్ర్యవాదం. 1789లో కాశీలో ఈస్టిండియా కంపెనీ రెసిడెంటుగా ఉన్న జొనాథన్ డంకన్, జౌన్‌పూరు ప్రాంతంలోని రాజ్‌కుమార్ శాఖ రాజపుత్రులు ఆడశిశువులను పుట్టగానే చంపివేస్తున్నారని గ్రహించాడు. వారు కూలినాలి చేసుకొని బ్రతికేవారు కారు, భూస్వాములు. 1808లో అలెగ్జాండర్ వాకర్ కాఠియావాడలోని జాడేజా ప్రభువుల చేత, ఇక ఈ పని చేయబోమని ఒప్పందపత్రాలు వ్రాయించుకొన్నాడు. వారు కోటలు గల సంస్థానాధిపతులు. శిశువును పాలలో ముంచి చంపే ఆ పనికి 'దూధ్ పీతీ', అనగా పాలు త్రాగించడమని, ముద్దుపేరు ఉండేది. గింజలకు గతిలేని ఇంటిలో బిడ్డను ముంచడానికి పాలు ఎక్కడివి?

అక్కడ లోపించినది అన్నం కాదు, అల్లుడు. కూతురును తక్కువ వంశానికి ఇస్తే తలవంపు; ఎక్కువ వంశానికి ఇవ్వబోతే కట్నానికి భూములు తాకట్టు; ఇవ్వకుండా ఇంట ఉంచుకొంటే లోకనింద. ఈ మూడు చిక్కులనూ ఒక్క పూటలో విడదీసే ఉపాయంగా ఆ పెద్దలకు శిశుహత్య తోచినది. భ్రూణహత్యను ధర్మశాస్త్రాలు మహాపాతకంగా పరిగణించినవన్న సంగతి వారెరుగనిది కాదు. జాడేజాల ఐతిహ్యం ప్రకారం, తగిన వరుడు దొరకని రాజకన్యను చంపుమని సలహా ఇచ్చిన కులపురోహితుడు ఆ పాపాన్ని తానే భరిస్తానన్నాడట. పాపమని తెలియకుంటే దానిని మోయడానికి మరొక తల ఎందుకు వెదకవలె?

రెండవది పరాయివారి ఆచారమన్న వాదం. పాశ్చాత్య నాగరికతకు పునాది అని చెప్పబడే గ్రీసు, రోము దేశాలను చూడవచ్చును. అంగవైకల్యంతో పుట్టిన బిడ్డను పెంచరాదని శాసనముండవలెనని అరిస్టాటిల్ తన రాజనీతి గ్రంథంలో వ్రాశాడు. రోములో పుట్టిన బిడ్డను స్వీకరించడమా, పారవేయడమా అన్నది గృహయజమాని అధికారం. అక్కడ శిశువధను నరహత్యగా పరిగణించే శాసనం క్రీ. శ. 374లో గాని రాలేదు. ఆడశిశువులను సజీవంగా పాతిపెట్టే అరబ్బుల పాత ఆచారాన్ని ఖురాను ఖండించినది. తోకుగావా ప్రభువుల కాలపు జపానులో ఈ పనిని 'మబికి' అన్నారు. వత్తుగా మొలిచిన నారును పలుచన చేయడానికి రైతు వాడే మాట అది. శిశుహత్యకు ఒక జాతి గాని, ఒక మతం గాని లేదు. దేశదేశాన దానికి ఉన్నది ఒక్కటే: బిడ్డను బిడ్డగా గాక లాభనష్టంగా చూచే ఇల్లు.

మూడవది కన్నతల్లి మీది నింద. మూడింటిలో అతి క్రూరమైనది ఇదే. ఇంగ్లండులో 1624లో ఒక శాసనం చేశారు. అవివాహిత అయిన స్త్రీ తన బిడ్డ మరణాన్ని దాచినట్లయితే, ఆ బిడ్డ మృతశిశువుగా పుట్టినదని ఆమె నిరూపించుకొనలేకపోతే, ఆమె హంతకి క్రింద లెక్క. 1803 వరకు ఆ శాసనం ఉన్నది. ఆమెను ఆ స్థితికి తెచ్చిన పురుషుని సంగతి అందులో లేదు. ప్రసవానంతరం తల్లి మనస్సు చలించి ఉండవచ్చునని గుర్తించిన చట్టం 1922లో వచ్చినది. అది దయగల చట్టమే. అయినా దయ వచ్చినంత మాత్రాన తండ్రి బోనులోనికి రాలేదు.

భారతదేశంలోనూ కథ ఇదే. 1986లో తమిళనాడులోని ఉసిలంపట్టి ప్రాంతపు ఆడశిశువుల హత్యలు పత్రికల ద్వారా దేశమంతటికీ తెలిసినవి. జిల్లేడు పాలు పోసిన చేయి తల్లిదో, అవ్వదో, మంత్రసానిదో కావచ్చును. కాని కట్నం ఎంత, పొలం ఎంత, ఎందరు కూతుళ్లను భరించవచ్చునన్న లెక్క ఆ చేతిది కాదు. ఆ ప్రాంతంలో ఒకప్పుడు వరుని వారే ఓలి ఇచ్చి పిల్లను చేసుకొనేవారు. కట్నం తరువాత వచ్చిన మర్యాద. కనుక దీనిని అనాదిగా వస్తున్న ఆచారమనడం కూడ సత్యం కాదు.

1992లో తమిళనాడు ప్రభుత్వం ఉయ్యాల పథకాన్ని ప్రారంభించినది. వద్దనుకొన్న బిడ్డను చంపవద్దు, ఇక్కడ వదలిపొండి అన్నది దాని సారాంశం. ప్రాణాలు దక్కించిన పనిని తప్పుపట్టరాదు. అయితే ఆ బిడ్డ ఎందుకు వద్దనిపించినదన్న ప్రశ్నను ఉయ్యాల అడగజాలదు.

ఇప్పుడు పాలూ లేవు, జిల్లేడూ లేదు, యంత్రం వచ్చినది. గర్భంలోనే లింగం తెలుసుకొని పిండాన్ని తొలగించే పనిని 1994 నాటి చట్టం నిషేధించినది. అయినా ఆరేండ్ల వరకు వయస్సుగల పిల్లలలో వెయ్యిమంది మగపిల్లలకు 1991లో 945 మంది ఉన్న ఆడపిల్లలు 2001 నాటికి 927కు తగ్గి, 2011లో 920కి దిగువకు పోయారు. ఆ ఏడు హర్యానాలో ఆ సంఖ్య 834, పంజాబులో 846. ఇవి దేశానికి గోధుమలు పెట్టే సంపన్న రాష్ట్రాలు. దారిద్ర్యవాదానికి ఇంతకన్న ఖండన అక్కరలేదు. గర్భాన్ని ధరించుటా, మానుటా స్త్రీ స్వేచ్ఛ గదా అని కొందరు ఇక్కడ అడ్డుపడతారు. ఆ స్వేచ్ఛ ఆమెదే. కాని కూతురైతే తీసివేయుమని అత్తవారు ఆజ్ఞాపించినచోట దానిని స్వేచ్ఛ అనడం పరిహాసమే.

ఆడపిల్లలు తగ్గితే వారి విలువ పెరుగుతుందని వాదించే అర్థశాస్త్రజ్ఞులూ లేకపోలేదు. వారు హర్యానా గ్రామాలకు పోయి చూడవలె. అస్సాము, బెంగాలు, బీహారుల నుండి పేద ఇండ్ల పిల్లలను డబ్బిచ్చి తెచ్చుకొంటున్నారు. వారికి 'మోల్‌కీ', అనగా వెలకు కొన్నది, అని పేరు. కొరత వల్ల స్త్రీకి ధర పెరిగినది గాని గౌరవం పెరగలేదు.

1870లో వచ్చిన ఆడశిశుహత్యా నివారణ చట్టం జననమరణాలను నమోదు చేయించడంతో ఆగక, పెండ్లిఖర్చులకు హద్దు విధించే అధికారాన్నీ ప్రభుత్వానికి ఇచ్చినది. హత్యకు మూలం పెండ్లిపందిరిలో ఉన్నదని పరాయి ప్రభుత్వానికి కూడ ఆనాడే తోచినది. స్వతంత్ర భారతం 1961లో కట్నాన్ని నిషేధించినది. ఉమ్మడి ఆస్తిలో కుమార్తెకు కుమారునితో సమానమైన జన్మహక్కును 1986లో ఆంధ్రప్రదేశ్, 2005లో దేశమంతా చట్టంలో వ్రాసుకొన్నవి. చట్టాల కొరత లేదు. అన్నకు పొలం, చెల్లెలికి పసుపుకుంకుమలు అని పంచి, ఆ పంపకం మీద చెల్లెలి చేతనే హక్కు వదలుకొన్నట్లు సంతకం పెట్టించే ఇండ్లకు కొరత లేదు.

పొరుగింటి పెరటిలోని మొక్కకు నీరు పోయడమేలనని కూతురును గురించి అనే ఇల్లు, చేతికి నెత్తురంటలేదని తృప్తిపడరాదు. శిశుహత్యకు కావలసిన లెక్క ఆ మాటలోనే ఉన్నది. ఆ లెక్క మారవలెనంటే దస్తావేజులో కూతురు పేరు కుమారుని పేరు ప్రక్కన ఉండవలె. పెండ్లిచూపులలో కట్నం మాట ఎత్తినవానిని గుమ్మం నుండే సాగనంపవలె. అంతవరకు, పట్టుబడిన మంత్రసానిని చెరసాలకు పంపి ఊరట పొందే సమాజం తన నేరానికి మరొకరి చేత శిక్ష అనుభవింపజేస్తున్నట్లే.